గీత లేని చోట దూకిన పులి

ఆటల మీద నాకు అభిప్రాయాలు చిన్నప్పటినుంచీ ఎక్కువే. అవి ఎవరికీ అక్కర్లేని సరుకని మాత్రం అత్తారింటికి వచ్చిన ఏడాది వేసవిలోనే తెలిసింది.

నూలు కరువు వచ్చిన వేసవి అది. డెబ్భై నాలుగో సంవత్సరం. ఉగాది పచ్చడి తిన్న వారానికి సొసైటీ వాళ్ళు గోదాము తలుపులు మూసేసి, మిల్లునుంచి నూలొస్తే కబురు చేస్తామన్నారు. కంకిపాడు అవతల కాలవ ఒడ్డున మా నేతవీధిలో తెల్లారిందని చెప్పేది కోడి కాదు, మగ్గం. ఆ చప్పుడు ఆగిపోయేసరికి మగవాళ్ళు పొద్దెక్కేదాకా ముడుచుకు పడుకుని, లేచాక ఏం చెయ్యాలో తెలియక ఒకరి గుమ్మంలోకి ఒకరు చూసుకుంటూ కూర్చునేవాళ్ళు. మా ఆయన నాంచారయ్య ఒక్కడూ తొందరగా తేల్చుకున్నాడు. బెజవాడ వెళ్ళి గవర్నర్‌పేటలో ఒక హోల్‌సేలు బట్టల కొట్లో గుడ్డ కొలిచే పనికి కుదిరి, ఆదివారం ఆదివారం బస్సెక్కి వచ్చి పోయేవాడు. "ఇన్నాళ్ళూ నేశాను, ఇప్పుడు కొలుస్తున్నాను. కొలవటమే సుఖం" అనేవాడు.

మా మామగారు చౌడయ్యగారు తేల్చుకున్నది వేరు. ఆయన మగ్గం గుంట మీద చెక్కలు పరిపించి, ఆ చెక్కల మీద సుద్దముక్కతో పులిజూదం గీశారు.

మాది గుంటమగ్గం. నేలలో తొడలోతు గొయ్యి, అందులో కాళ్ళు వేలాడేసి కూర్చుని తొక్కుతూ నెయ్యాలి. నాలుగు తరాలు కాళ్ళు పెట్టిన గొయ్యి అది. పని లేనప్పుడు కోడిపిల్లలు పడకుండా మూసిపెట్టటం అందరూ చేసేదే. దాని మీద పులిజూదం గీసి పొద్దున్నించి సాయంత్రందాకా ఆడటం మాత్రం మా ఇంట్లోనే చూశాను.

ఆయనతో ఆడేది వెంకటప్పయ్యగారు. మా అత్తగారికి స్వయానా తమ్ముడు, పక్కిల్లే. మా ఇంటికీ ఆయన ఇంటికీ మధ్య గోడ ఒక్కటే. మా ఆయనకి మేనమామ, నాకు వరసకి బాబాయిగారు. పులిజూదంలో మూడు పులులు, పదిహేను మేకలు. పులి మేక మీదినుంచి గీత వెంబడి దూకి మేకని తినేస్తుంది. మేకలన్నీ చుట్టూ చేరి పులిని కదలకుండా కట్టేస్తే మేకలాడినవాడు గెలిచినట్టు. మామగారు ఎప్పుడూ పులే. బాబాయిగారు ఎప్పుడూ మేకలే. ఎప్పుడూ ఓటమే.

రెండు వారాలు ఓర్చుకున్నాను. ఒకనాడు మజ్జిగ గ్లాసులు పట్టుకెళ్ళి, ఇవ్వకుండా నిలబడ్డాను.

"మావయ్యగారూ, రేపన్నా మీరు మేకలు తీసుకోరాదా?"

"ఎందుకూ?"

"పులి ఆడటానికి ఆకలుంటే చాలండి. తెలివి కావాల్సింది మేకలకే."

బాబాయిగారు నవ్వాపుకోలేక దగ్గారు. మామగారు బల్ల మీదినుంచి తలెత్తలేదు.

"అమ్మాయ్, నువ్వు బెజవాడలో ఏం చదివావు?"

"పీయూసీ అండి."

"పులిజూదంలోనా?"

మజ్జిగ అక్కడ పెట్టేసి వచ్చేశాను. అత్తగారు వంటింట్లోంచి అంతా విన్నారు. "ఆయనతో ఆటల గురించి మాట్లాడమాకే. అన్నం చల్లారిపోద్ది" అన్నారు.

నిజమే. ఆయనకి లేని అభిప్రాయం లేదు. చెడుగుడు ఎద్దుల ఆట అనేవారు. పేకాట ఎట్టాంటిదో తెలియాలంటే ఆడేవాడి పెళ్ళాం మెళ్ళోకి చూడాలిట. చదరంగంలో గుర్రం వంకరగా దూకుతుంది, అట్టాంటి గుర్రాన్ని ఎవడు పెంచుతాడని ఆయన ప్రశ్న. క్రికెట్టయితే రేడియోలో వినేది, వినేది ఆటెట్టా అవుద్ది? ఇక మిగిలింది పులిజూదం. అందులోనూ పులి.

నాకు కోపం ఎందుకంటే, నేను ఆటలు తెలిసినదాన్ని. కాలేజీలో చెడుగుడు జట్టుకి కూతకి వెళ్ళేది నేనే. లంగా ఓణీ బిగించి గీత దాటానంటే అవతలి పిల్లలు గోడకి అంటుకుపోయేవాళ్ళు. ఒళ్ళు పెట్టి ఆడే ఆటల్లో చెడుగుడుని మించింది లేదని ఇప్పటికీ నా మాట. ఉన్నది ఒక్క ఊపిరి. దాన్ని పట్టుకుని పరాయి నేల మీదికి పోవాలి, ఏదో ఒకటి సాధించి ఇంటికి రావాలి. ఊపిరి తెగితే ఎవరూ జాలిపడరు. ఇక వేషం కట్టే ఆటలంటారా, రాజు, మంత్రి, దొంగ, పోలీసు అని చీటీలు వేసి ఆడేది ఉందే, అదీ ఆట. నాలుగు కాగితం ముక్కలు మనిషి గుణం బయటపెట్టేస్తాయి. మా హాస్టల్లో శౌరమ్మ అని గుడివాడ పిల్లకి దొంగ చీటీ వస్తే చెవులు ఎర్రబడేవి. రాజు చీటీ వచ్చినా ఎర్రబడేవి. దాన్ని ఏడాదంతా ఎవరూ పట్టుకోలేకపోయారు. ఆ ఆటలో అందం ఏమిటంటే, ఈసారి రాజైనవాడు మళ్ళీసారి దొంగవుతాడు. వేషం మారాలి. ఎప్పుడూ తనే పులినంటే అది ఆట కాదు, పెత్తనం.

ఆ పెత్తనానికి తోడు హంగులు. ఎత్తు వేసేముందు మామగారు కాయలన్నిటినీ వేలి కొసతో ఒక్కొక్కటే తాకి చూసేవారు, దేవుడికి బొట్టు పెట్టినట్టు. పొద్దున వెలుగు మెత్తగా ఉన్నంతసేపే ఆడేవారు. గుమ్మంలోంచి ఎండ నేరుగా పడగానే, "పులి పగలు పడుకుంటది" అని తుండు మొహం మీద వేసుకునేవారు. మళ్ళీ సాయంత్రం చల్లబడ్డాకే. ఇదంతా గొప్పకోసం చేస్తున్నారనుకుని పళ్ళు నూరుకునేదాన్ని.

వైశాఖం నడుమ ఒక ఆదివారం మా ఆయన వచ్చి, అన్నం కంచం ముందే మాట బయటపెట్టాడు.

"నాన్నా, సత్యనారాయణపురంలో గది చూశాను. కుళాయి లోపలే. సంపూర్ణని తీసుకుపోతాను."

"నూలొస్తే మగ్గం ఎవడెక్కుతాడు?"

"మీరున్నారు గదా."

మామగారు పప్పులో చెయ్యి పెట్టి చాలాసేపు కలిపారు. "నేను ఎక్కటం కాదురా. నాలుగు తరాల మగ్గం. కొడుకుండి కొట్లో గుడ్డలు కొలిస్తే నేను కూర్చుని నేస్తంటే చూసేవాళ్ళేమంటారు?"

"నాలుగు నెలలైతే చూసేవాళ్ళకి ఇంకో సంగతి దొరుకుద్ది."

తండ్రీకొడుకులు అటూ ఇటూ లాగి, చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. మృగశిర కార్తె లోపల నూలు రాకపోతే మగ్గం విప్పేసి అటకెక్కిస్తారు, నేను బెజవాడ వెళ్ళిపోతాను. నూలొచ్చి మగ్గం ఆడితే నేను ఇక్కడే ఉండాలి. పేకనూలు కండెలకి చుట్టటానికి, నిలువుపోగులు పడుగు పొయ్యటానికి అత్తగారికి తోడు కావాలి గనక. నన్ను ఎవరూ అడగలేదు. పులుల మధ్య ఒప్పందాల్లో మేకల్ని అడగరు.

ఆ సాయంత్రమే నా ట్రంకుపెట్టె సర్ది మంచం కిందికి తోశాను. మిల్లు వాళ్ళు నూలు పంపకుండా ఉండాలని చౌడేశ్వరమ్మకి మొక్కుకున్నాను. నేతగాళ్ళ దేవతకి అట్లాంటి మొక్కు అంతకుముందు ఎవరూ మొక్కి ఉండరు. ఆవిడ వినిపించుకోలేదు.

రోహిణి ఎండల్లో నూలొచ్చింది. వీధిలో పిల్లల దగ్గర్నుంచి ముసలాళ్ళ దాకా సొసైటీ ముందు నిలబడ్డారు. గుమాస్తా అరుగెక్కి చెప్పాడు: "వచ్చింది తక్కువ. ఇంటికో పడుగు చొప్పున పంచుతున్నాం. వానలు పడేలోపు నేను ఇల్లిల్లూ తిరుగుతాను. ఏ మగ్గం మీద గుడ్డ కనబడలేదో ఆ మగ్గానికి ఇకమీదట నూలు ఉండదు. తర్వాత నా మీద అరవద్దు."

వీధంతా ఒక్కసారి ఒళ్ళు విరుచుకుంది. మా అత్తగారూ నేనూ ఆసు పోసి, పోగులు లెక్కగా చుట్టి, పడుగు సిద్ధం చేశాం. మొక్కు ఫలించలేదన్న కచ్చతో నేను తెంపు లేకుండా పోశాను. ఇక మిగిలింది గంజి పెట్టటం. అది మగవాళ్ళ పని, మామగారు తేదీ చెప్పాలి.

ఆయన చెప్పరు. ఇవాళ గాలి ఎక్కువుందంటారు. రేపు అమావాస్య అంటారు. ఎల్లుండి పడుగు దువ్వే కుంచె సరిగ్గా లేదంటారు. ఆ కుంచె నిక్షేపంలా ఉంది, నేనే చూశాను. చెప్పేసి మళ్ళీ చెక్కల దగ్గరికి. పక్కిళ్ళలో పడుగులు మగ్గాలెక్కాయి, పేకనూలు మోసే నాడె అటూ ఇటూ కొట్టుకుంటున్న చప్పుడు గోడల్లోంచి వస్తోంది. మా ఇంట్లో మాత్రం, "ఇటు జరుపరా. ఊఁ. అయిపోయింది నీ మేక."

"ఏమండీ, మీకేమన్నా పట్టిందా?" అన్నారు అత్తగారు ఒకరోజు.

"పులికి తొందరేంటే" అన్నారాయన.

నాకు లోపల ఒక పక్క సంతోషంగానే ఉంది. ఇట్లాగే ఇంకొన్నాళ్ళు ఆడితే నా పెట్టె బస్సెక్కుతుంది. ఇంకో పక్క మాత్రం ఒళ్ళు మండిపోతోంది. గెలవాల్సిన ఆటని మూలన పెట్టి పనికిరాని ఆట గెలుస్తున్న మనిషిని చూస్తే నాకు ఒళ్ళు మండకుండా ఉండదు.

చివరికి బాబాయిగారే తెగించి, "రేపు తెల్లారగట్ట పడుగు సాగదీస్తున్నాం బావా. నేను అందరికీ చెప్పేశా" అన్నారు. ఆ సాయంత్రం ఆడిన ఆటలోనే గొడవ వచ్చింది.

ఆ రోజు బాబాయిగారికి ఏం బుద్ధి పుట్టిందో, మేకల్ని తొందరపడి ముందుకి తోయకుండా అంచుల్లో పెట్టుకుంటూ వచ్చారు. నేను బియ్యం ఏరటం మానేసి చూస్తున్నాను. రెండు పులులు కట్టుబడిపోయాయి. మూడోది మూలలో. ఇంకొక్క ఎత్తు. మామగారు కాయలన్నీ తడిమి, మూలలో ఉన్న పులిని ఎత్తి మేక మీదినుంచి అవతల పెట్టి, మేకని తీసేశారు.

"అక్కడ గీత లేదు బావా" అన్నారు బాబాయిగారు.

"ఉంది."

"లేదు. గీసిందే నువ్వు. కళ్ళు పెట్టుకు చూడు."

"నన్ను కళ్ళు పెట్టుకు చూడమంటున్నావా? నీకు ఈ ఆట నేర్పింది ఎవడ్రా?"

"నువ్వే నేర్పావు. గీత మీదే దూకాలని కూడా నువ్వే నేర్పావు."

ఇద్దరూ నాకేసి తిరిగారు. వంగి చూశాను. రెండు చెక్కలు కలిసే సందు ఉంది గాని సుద్దగీత లేదు.

"లేదండి మావయ్యగారూ."

"నువ్వు కూడానా" అన్నారాయన. ఆ గొంతులో కోపం ఉండాల్సినంత లేదు.

ఇంతలో అత్తగారు తడిగుడ్డ పట్టుకొచ్చి చెక్కల మీద అడ్డంగా తుడిచేశారు. పులులూ మేకలూ గింజలై నేలమీద దొర్లాయి. "గీతా లేదు, గాడిద గుడ్డూ లేదు. పొద్దున్నే పడుగు. లేవండి ఇద్దరూ."

నాకు ఆవిడ మీద వచ్చినంత కోపం ఎవరి మీదా రాలేదు. వేసవంతా ఓడిపోయిన మనిషి మొదటిసారి గెలవబోతుంటే బల్ల చెరిపేస్తారా? వామనగుంటలు ఆడేటప్పుడు ఈవిడ గింజలు చీరకొంగులో దాచుకుంటుందని నాకు తెలుసు. అదే బుద్ధనుకున్నాను.

తెల్లారకముందే వీధి పొడుగునా పడుగు సాగదీశారు. రెండు చివరలా గుంజలకి బిగించి, మధ్యమధ్య వెదురు కాళ్ళు ఆనించారు. గంజి పట్టించారు. గంజి పెట్టిన పడుగుని కుంచెతో దువ్వాలి. బారెడు పొడుగున్న కుంచెని పడుగుకి అటూ ఇటూ ఇద్దరు పట్టుకుని, అడుగులో అడుగు వేస్తూ ఈ చివరనించి ఆ చివరకి, ఆ చివరనించి ఈ చివరకి, పోగులు ఆరేదాకా నడవాలి. కుంచె ఆగితే పోగులు ఒకదాన్నొకటి అంటుకుని అట్టకట్టేస్తాయి. ఎండ రాకముందే అయిపోవాలి. మా వీధిలో ఎవరి జోడీ వాళ్ళకుంటుంది. మామగారూ బాబాయిగారూ మీసాలు రాకముందునించీ జోడీ.

ఆ పూట ఇద్దరూ మాట్లాడుకోకుండా కుంచె ఎత్తారు. ఒకసారి పోయివచ్చారు. నేను వెనకాలే తెగిన పోగులు ముడేస్తూ నడుస్తున్నాను. రెండోసారి సగం దూరం పోయాక మామగారు అన్నారు:

"గీత ఉంది."

బాబాయిగారు ఆగిపోయారు. "పొద్దున్నే మొదలెట్టావా?"

"ఉందని ఒప్పుకో. నడుద్దాం."

"లేనిదాన్ని ఎట్టా ఒప్పుకునేది?"

కుంచె ఆగిపోయింది. కాలవ మీదినించి గాలి మొదలైంది, తూర్పు తెల్లబడుతోంది. పడుగు సాగదీయటానికి వచ్చినవాళ్ళంతా చోద్యం చూస్తున్నారు. ఎదురింటి మాణిక్యమ్మ అరుగు మీద కూర్చుని పళ్ళు తోముకుంటోంది. నేను తట్టుకోలేక, "తర్వాత తేల్చుకోండి, అంటుకుంటోందండీ" అన్నాను.

"నిజమే బావా, అంటుకుంది చూడు" అన్నారు బాబాయిగారు.

"ఎక్కడ?"

"నీ ముందే."

మామగారు చెయ్యి చాపారు. ఆ చెయ్యి అట్టకట్టిన చోటికి జానెడు ఇవతల, ఉత్త గాలిలో, పోగుల కోసం తడుముకుంది. ముందుకి పోయింది. వెనక్కి వచ్చింది. చివరికి పడుగు మంచిగా ఉన్న చోట తగిలితే, "ఏదీ, ఇక్కడ బాగానే ఉందే" అన్నారు.

ఆయనకి కానరావటం లేదు.

నేను బాబాయిగారి మొహం చూశాను. ఆయన అప్పుడే చూసినట్టున్నారు. మామూలు గొంతుతో, "ఉందిలే బావా" అన్నారు.

"ఏంటి?"

"గీత. ఉంది. నాకే కానరాలా."

మామగారు ఆ మాటకి సంతోషపడలేదు. కుంచె చివర వదిలేసి, తుండుతో మొహం తుడుచుకుంటూ పక్కకి జరిగి నిలబడ్డారు. బాబాయిగారు ఇవతలి చివర పట్టుకుని ఒక్కరే నిలబడ్డారు. ఎవరూ ముందుకి రాలేదు. ఇంకొకరి జోడీలో వేలు పెట్టటం మా వీధిలో లేదు.

ఇంకాసేపు అట్లాగే నిలబడి ఉంటే చాలు. పడుగు అట్టముక్క అవుతుంది. గుమాస్తా వస్తాడు, ఉత్త మగ్గం చూస్తాడు, పోతాడు. నా పెట్టె మంచం కింద సిద్ధంగా ఉంది. కుళాయి లోపలే.

ముడేస్తున్న పోగు వదిలేసి, కొంగు దోపుకుని వెళ్ళి కుంచె అవతలి చివర పట్టుకున్నాను.

"అదేందమ్మా, ఆడది కుంచె పట్టటం?" అంది మాణిక్యమ్మ నోట్లో వేపపుల్లతోనే.

"మీ ఆయన్ని లేపుకురా మరి, పడతాడు" అన్నారు మా అత్తగారు. మాణిక్యమ్మ ఉమ్మెయ్యటానికి లోపలికి పోయింది.

నడిచాం. చెడుగుడులో నా అడుగు నాది. ఇక్కడ అట్లా కుదరదు. అవతలి మనిషి అడుగు ఎక్కడ పడితే నా అడుగూ అక్కడే పడాలి. మొదట నేను వడిగా పోయి కుంచెని వంకర చేశాను. "నెమ్మదమ్మా, ఎవరూ తరమటం లేదు" అన్నారు బాబాయిగారు. రెండోసారికి దారిలో పడ్డాం. ఎండ ఎక్కేసరికి పడుగు ఆరింది. మధ్యలో అట్టకట్టిన భాగాన్ని అత్తగారు గోళ్ళతో విడదీశారు. కొన్ని పోగులు పోయాయి, మిగతాది నిలిచింది. మామగారు అప్పటికే లోపలికి వెళ్ళిపోయారు.

వంటింట్లో అత్తగారిని నిలదీశాను.

"ఎప్పణ్ణించండీ?"

"నిరుడు దీపావళి నించి."

"నాకు చెప్పొచ్చు గదా. మీ అబ్బాయికన్నా చెప్పొచ్చు గదా."

"నాకు మాత్రం ఆయన చెప్పాడంటే? కూరలో కరేపాకు ఏరి పక్కన పెట్టటం మానేశాడు. నలభై ఏళ్ళనించీ ఏరే మనిషి, అట్టాగే తినేస్తన్నాడు. అప్పుడు తెలిసింది." ఆవిడ పొయ్యిలో పుల్ల ముందుకి తోశారు. "నూలు రాకపోతే అందరూ నాకు మల్లే దిగులుపడ్డారు. ఆయన ఒక్కడే హాయిగా ఉన్నాడు. మగ్గం ఎక్కక్కర్లేదు గదా."

నాకు ఏడవాలో తిట్టాలో తెలియలేదు. గీతలన్నీ మనసులో పెట్టుకుని, కాయల్ని వేలితో తడిమి గుర్తుపట్టుకుంటూ, చూపు ఆనని మనిషి వేసవంతా ఆడాడన్నమాట. పదిహేను మేకల్ని అట్లా నడిపించటం ఎవరి తరం. అందుకా ఆ పులి. ఇక ఆ బాబాయిగారున్నారే, రెండు కళ్ళూ పెట్టుకుని, అట్లాంటి మనిషి చేతిలో రోజూ ఓడిపోయారు. ఈ ఇంట్లో ఎవరి మీద కోపం పెట్టుకోవాలన్నా సాఫీగా కుదరదు.

ఆదివారం మా ఆయన వచ్చేసరికి చెక్కలు తీసేసి పడుగు మగ్గానికి ఎక్కించి ఉంది. బాబాయిగారు తన మగ్గం ఆపుకుని వచ్చి ఎక్కించి వెళ్ళారు. గుంటలో మాత్రం ఎవరూ లేరు. వీధి చివర సొసైటీ గుమాస్తా తిరగటం మొదలుపెట్టాడని చెప్పుకుంటున్నారు.

"మీరు ఎక్కలేదేం నాన్నా?"

"ఇంట్లో చీకటి ఎక్కువైందిరా. పోగు సరిగ్గా కానరావటం లేదు."

"అవును, ఆ మూల పెంకు మారిస్తే వెలుగొస్తది" అన్నారు అత్తగారు వెంటనే.

"మారుద్దాం" అన్నాడు మా ఆయన, పైకి చూస్తూ.

ముగ్గురూ పెంకు గురించి మాట్లాడుకుంటున్నారు. ఏ మూల, ఎన్ని పెంకులు, ఎవరు ఎక్కాలి. పట్టలేకపోయాను.

"చీకటి ఇంట్లో కాదండి" అన్నాను.

మా ఆయన నా మొహం చూసి, తర్వాత వాళ్ళమ్మ మొహం చూసి, చివరికి వాళ్ళ నాన్న దగ్గరికి వెళ్ళి ముందు నిలబడ్డాడు. మామగారు కొడుకు మొహంలోకి చూడబోయి, చెవి పక్కకి చూశారు.

"బెజవాడలో చూపిద్దాం నాన్నా. కంట్లో శుక్లాలైతే ఆపరేషన్ చేస్తారు."

"చూద్దాంలే. ముందు ఈ గుడ్డ సంగతి చూడు. రెండు రోజులు సెలవు పెట్టలేవూ?"

"పెడతాను. రెండు రోజుల్లో ఎంత గుడ్డవుద్ది? మూడో రోజు మళ్ళీ మొదటికి."

ఆ మాటా నిజమే. మా పుట్టిల్లు పెడన దగ్గర. అక్కడ ఆడపిల్ల మగ్గమెక్కటం వింత కాదు. సెలవులకి వెళ్ళినప్పుడల్లా మా నాన్న మగ్గం మీద తుండుగుడ్డలు నేసినదాన్ని. ఆ సంగతి ఈ ఇంట్లో నేను చెప్పలేదు, వాళ్ళు అడగలేదు. చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని గుంటలోకి దిగి కూర్చున్నాను. నెలలతరబడి మూసి ఉంచిన గొయ్యి, అడుగున మట్టి చల్లగా ఉంది. కాలికింద తొక్కుడుచెక్క దొరికింది.

"నువ్వెందుకు దిగావు?" అన్నాడు మా ఆయన.

"మీరు దిగలేదు గనక."

"మరి గది?"

"దసరా దాకా చూద్దాం. ఆ కుళాయి ఎక్కడికీ పోదు గదా."

ఆయన సాయంత్రం బస్సుకి బయల్దేరేముందు నా పెట్టెని మంచం కిందినుంచి లాగి, తనే అటక మీద పెట్టాడు. పెట్టేటప్పుడు దాన్ని మెల్లిగా పెట్టలేదు.

మామగారు మూడు రోజులు నాతో మాట్లాడలేదు. మగ్గం పక్కనే స్తంభానికి ఆనుకుని కూర్చుని, పేకని దగ్గరికి కొట్టే పలక చప్పుడు వింటూ గాలితో మాట్లాడేవారు. "పలక దెబ్బ మెత్తగా పడుతోంది." "ఎడమకాలు ఆలస్యం." "అట్టా నేస్తే దాన్ని గుడ్డ అనరు, వల అంటారు." ఆయన చెప్పేవన్నీ నిజాలే కావటం ఇంకా విసుగు.

గుమాస్తా వచ్చాడు. గుమ్మంలో ఆగి గుంటలోకి చూశాడు.

"ఇదేంటి చౌడయ్యగారూ, ఆడమనిషి నేస్తోంది?"

"నువ్వు చూడాల్సింది మగ్గం మీద గుడ్డ. ఉందా లేదా?"

"ఉందనుకోండి."

"మరింకేం. పక్కింటికి పద."

వాడు వేలితో గుడ్డ అంచు పట్టి చూసి, తలాడించి వెళ్ళిపోయాడు. నాడె మళ్ళీ విసిరాను. రెండు విసుర్లకి తేలికైపోయింది. దానిలో నూలు అయిపోయింది. బుట్టలో చెయ్యి పెడితే ఉత్త కండెలు తప్ప చుట్టినవి లేవు.

"కండెలు అయిపోయాయండి" అన్నాను, ఎవరితోనని కాకుండా.

రాట్నం దగ్గర అత్తగారు ఉన్నారు. ఆవిడ నన్ను చూశారు, ఆయన్ని చూశారు. చిలపగా చుట్టి ఉన్న నూలు దారాన్ని రాట్నానికి తగిలించి, మోకాళ్ళ మీద చేతులు వేసుకుని లేచారు. "ఎసట్లో బియ్యం పొయ్యాలి" అని వంటింట్లోకి పోయారు. ఎసరు అప్పటికి పెట్టనేలేదు.

మగ్గం ఆగిపోయింది. కండెలు చుట్టటం ఆడవాళ్ళ పని, ఆ ఇంట్లో మగవాడు రాట్నం ముందు కూర్చోవటం ఎన్నడూ లేదు. నేను గుంటలోంచి లేవలేదు. అడగనూ లేదు. పడుగు మీద తెగని పోగుని పట్టుకుని ముడేస్తున్నట్టు కూర్చున్నాను.

కాసేపటికి స్తంభం దగ్గర కదలిక. మామగారు గోడ పట్టుకుని నడిచి, కాలికి పీట తగిలాక వంగి, రాట్నం ముందు కూర్చున్నారు.

"ఒక్కటే" అన్నారు.

చక్రం తిరిగింది. దారం తెగింది. నేను తల తిప్పకుండా ఓరగా చూశాను. ఆయన వేళ్ళు నేలమీద ఒక కొస, చిలప మీద ఒక కొస వెతుక్కుని పట్టుకున్నాయి. బొటనవేలూ చూపుడువేలూ వాటిని కలిపి ఒక్కసారి నులిమాయి. చక్రం మళ్ళీ తిరిగింది. ఈసారి ఆగలేదు.

కండె చుట్టి గుంటలోకి చెయ్యి చాపారు. అందుకుని వేలితో నొక్కి చూశాను. అత్తగారిదానికన్నా గట్టిగా ఉంది.

"బాగా చుట్టారండి."

"నేసేటప్పుడు మాట్లాడమాకు" అని, బుట్టలోంచి ఇంకో ఉత్త కండె తడిమి తీసుకున్నారు.